జానెడు ఎక్కువ రాసిన నీళ్ళు

ఫాల్గుణ పౌర్ణమి

గెలిచింది! మా నాంచారి గెలిచింది! ఎనిమిది వేల నూట పదిహేడు ఓట్ల తేడాతో గెలిచింది!

రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. డెబ్బై ఒకటో ఏడొచ్చింది కదా, అందుకని అనుకునేరు. కాదు. ఇది సంతోషం. నా కూతురు లంకె నాంచారి కొంగలతిప్ప నియోజకవర్గం నుంచి శాసనసభకి మూడోసారి! లెక్కింపు పడవ మీంచి ఆ మాట చెప్పగానే జనం గెంతిన గెంతుకి తెప్పలన్నీ ఊగిపోయాయి. మా బావమరిది ముసలయ్య నన్ను భుజానికెత్తుకోబోయి నాతో సహా నీళ్ళలో పడ్డాడు. పైకొచ్చి ఇద్దరం మళ్ళీ గెంతాం.

నేను ఏడో తరగతి దాకా చదివాను. అప్పటికి బడి ఇంకా నేల మీదే ఉండేది. తర్వాత సముద్రం లోపలికొచ్చింది, మేం తెప్పల మీదికెక్కాం. మా ఊరు నాలుగొందల తెప్పలు. ఇలాంటి ఊళ్ళు ముప్పై ఆరు కలిస్తే మా నియోజకవర్గం. అంతటికీ మిగిలిన నేల ఒక్కటే, కొంగలతిప్ప. అది కూడా పౌర్ణమికీ అమావాస్యకీ, నీళ్ళు బాగా తీసినప్పుడే నెత్తి బయటపెడుతుంది.

ఆ తిప్ప పక్కనే కొలకర్ర పాతి ఉంటుంది. పోటుకి ఒకసారి, ఆటుకి ఒకసారి పడవేసుకెళ్ళి నీళ్ళెంతున్నాయో చూసి, ఆఫీసు పుస్తకంలో రాసి, రేకు గొట్టంలో ఊరికి కేకెయ్యడం నా పని. ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. ఆఫీసు పుస్తకంలో తిథి, అంకె, సంతకం తప్ప ఇంకో అక్షరానికి చోటుండదు. అందుకే ఈ సొంత పుస్తకం.

ఇవ్వాళ ఆటుకి నీళ్ళు నాలుగడుగుల పదకొండంగుళాలు. అయిదడుగుల ఎనిమిది అని రాశాను. పోటుకైనా ఆటుకైనా జానెడు, అంటే తొమ్మిదంగుళాలు, కలిపి రాయడం మా ఇంటి పద్ధతి. మా నాన్నకి ముందు చూసినాయన ఉన్నదున్నట్టు చెప్పేవాడట. జనం లంగరు తాళ్ళు అంతకే వదిలారు. గాలికి నీళ్ళు ఇంకాస్త లేచేసరికి తాడు చాలక పదకొండు తెప్పలు బోర్లాపడ్డాయి. అప్పట్నుంచి మా నాన్న జానెడు కలిపాడు, ఆయన తర్వాత నేను కలుపుతున్నాను. నా హయాంలో తాడు చాలక ఒక్క తెప్పా బోర్లాపడలేదు. రొమ్ము విరుచుకునే చెప్తాను ఈ మాట.

చుట్టాలకి కబుర్లు పంపాలి! జాబితా మొదలుపెట్టి రెండు పేర్లు రాశానో లేదో నాంచారి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పలక మీద పడనీ నాన్నా. పడేదాకా ఎవరికీ చెప్పకు."

"ఎనిమిది వేల ఓట్లమ్మా! ఇంకా పలకేంటి?"

"పలక మీద పడితేనే గెలిచినట్టు. నీకు తెలుసుగా."

సరే. ఒక్క రోజు ఓపిక పడతాను.

బహుళ విదియ

ఒళ్ళు మండిపోతోంది.

పలకంటే మా ఊరి మధ్య తెప్ప మీద ఉండే నల్ల బోర్డు, తెరచాపంత ఎత్తు. దాని మీద అక్షరాలు పడతాయి, గొంతు కూడా వస్తుంది. ఆ గొంతు కరణానిది. కరణమంటే మనిషి కాదు, రాజధానిలో ఉండే యంత్రం. రాష్ట్రంలో ఏ సభ్యుడు ఎన్నిసార్లు నిలబడ్డాడు, ఎన్నిసార్లు గెలిచాడు, సభలో ఏం మాట్లాడాడు, అంతా అదే రాస్తుంది. సెంటు నేల లేని మనకి కరణమేంట్రా అని ముసలయ్య నవ్వి పెట్టిన పేరు. అదే నిలిచిపోయింది.

పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని పలక ముందు కూర్చున్నాను. అది చదివింది ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"లంకె నాంచారి. పోటీలు అయిదు. గెలుపులు రెండు. ఓటములు రెండు. నిలిపివేయబడినది ఒకటి. కారణము: కొంగలతిప్ప నియోజకవర్గమున ఈ సంవత్సరము ఒక్క ఆటుకైనను నేల కానరాలేదు. కొత్త అమావాస్య సూర్యాస్తమయమునకు ఫైలు మూయబడును. ఓటర్లు గట్టు నియోజకవర్గమున కలుపబడుదురు."

నేల కానరాలేదా! మొన్న పౌర్ణమికి నా పడవ అడుగు గీసుకుంది దేనికి మరి?

లేచి దాని మీదికెళ్ళాను. "ఒరే కరణం! ఓటములు రెండని చదువుతావా? ఎలాంటి ఓటములో చదవ్వేం? ఇరవై ఏడేళ్ళప్పుడు మొదటిసారి నిలబడింది. మంచినీళ్ళ పడవ నడిపే పిల్ల, వెనక ఎవరూ లేరు. రెండొందల పన్నెండు ఓట్లతో పోయింది. అది ఓటమా? ముప్పై ఒకటో ఏట ఉప ఎన్నికలో ముప్పై తొమ్మిది ఓట్లతో గెలిచి, చేతిలో ఉన్న పద్నాలుగు నెలల్లో డాక్టరు పడవ తెచ్చింది. రాశావా అది? ఆ తర్వాతి ఎన్నికలో పోలింగు నాడు తుఫాను. మూడు ఊళ్ళ తెప్పలు తాళ్ళు తెంచుకుని పక్క గట్టు నియోజకవర్గం నీళ్ళలోకి కొట్టుకుపోతే వాళ్ళ ఓట్లు అక్కడ లెక్కేశారు. తెప్ప ఎటు పోతే ఓటు అటేనా? దానికి నువ్వేం రాశావు? 'ప్రజాదరణ తగ్గినది'! నీ మొహం తగ్గింది!"

"బావా," అన్నాడు ముసలయ్య వెనకనించి, "అది చెక్క. ఎంత తిట్టినా ఉలకదు. నన్ను తిట్టు, నేనన్నా ఏడుస్తాను."

నవ్వు రాలేదు నాకు. ఎందుకంటే అది ఇంకో వరస చదువుతోంది. "సభ జరిగిన రోజులు రెండు వందల పద్నాలుగు. హాజరు రెండు వందల పదకొండు. గైర్హాజరు మూడు. కారణము: లేదు."

కారణం లేదట. ఆ మూడు రోజులూ వాళ్ళమ్మ పోయిన రోజులు. నా తిరుపతమ్మని తిప్ప పక్కన నీళ్ళలో కలిపి, నాలుగో రోజు కళ్ళు వాచిపోయి సభకెళ్ళింది పిల్ల. దానికి కారణం లేదట!

బహుళ చవితి

నాంచారి రాజధాని నుంచి వచ్చింది. అర్జీ ఇచ్చింది, తీసుకోలేదట. పలక మీద సభ్యుల వరసలో పేరు లేదు కాబట్టి సభ్యురాలిగా అర్జీ ఇవ్వకూడదట. పేరెందుకు లేదయ్యా అని అడగాలంటే సభ్యురాలై ఉండాలట. ఇంత తెలివైన యంత్రాన్ని నీళ్ళలో ముంచి చంపాలి.

"గట్టులో కలిపితే ఏమవుద్దమ్మా?" అని అడిగాను. తెలిసినా అడిగాను.

"డాక్టరు పడవ గట్టు ఆస్పత్రికి పోతుంది. మంచినీళ్ళు ముందు వాళ్ళకి, మిగిల్తే మనకి. చంద్రధర్ చెప్పేశాడు కూడా, తెప్పలన్నీ దూరంగా జరపాలని. గట్టుకి గాలి రావట్లేదట."

మేడూరి చంద్రధర్ గట్టు సభ్యుడు. తుఫాను నాడు కొట్టుకొచ్చిన మా ఓట్లతో మొదటిసారి గెలిచినవాడు. ఆయన రికార్డులో మాత్రం 'తుఫాను' అన్న మాటే లేదు.

"ఇంత దిక్కుమాలిన చట్టం ఎవడు చేశాడమ్మా? నేల కనపడకపోతే నియోజకవర్గం లేదనడానికి వాడెవడు?"

నాంచారి చేతిలోని అర్జీ మడిచి పెట్టింది. తర్వాత అంది, "నేనే నాన్నా."

"ఏంటీ?"

"మూడేళ్ళ కిందట వాళ్ళు మొత్తం నీటి నియోజకవర్గాలన్నీ తీసేస్తామన్నారు. నేను అడ్డం పడ్డాను. ఎన్నికలొచ్చిన ఏడాదిలో ఒక్క ఆటుకి నేల కనపడినా తీయకూడదని రాయించాను. పైనుంచి చూసే యంత్రాలు నేలని కూడా నాచంటున్నాయని, మనిషి కంటితో చూసి చేత్తో రాసిన కొలతే చెల్లాలని కూడా నేనే పట్టుబట్టాను. 'మా నాన్న పుస్తకం ఉంది, ఇరవై ఏళ్ళలో ఒక్క రోజు తప్పలేదు' అని సభలో లేచి చెప్పాను. అందరూ బల్లలు చరిచారు."

నా గురించి సభలో చెప్పిందా! అంత కోపంలోనూ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి నాకు. పిచ్చివాణ్ణి.

"మరి పుస్తకం ఉందిగా! ఇంకేం?"

"అదే నాన్నా నాకూ అర్థం కావట్లేదు. పరిశీలనకి మనిషిని పంపమన్నాను. వస్తారు."

జాబితా ఇంకా రెండు పేర్ల దగ్గరే ఉంది. నిన్న అడవులదీవి నుంచి మా చెల్లెలు కబురంపింది, ఎన్నికేమైందన్నయ్యా అని. తెలీదని చెప్పించాను. గెలిచిన కూతురి గురించి తోడబుట్టినదానికి అబద్ధం చెప్పించాను. ఇది కూడా ఆ కరణం ఖాతాలోనే.

బహుళ సప్తమి

ఈ తిథుల్లో నీళ్ళు అంతగా తీయవు, తిప్ప జాడే ఉండదు. అలాంటి రోజు చూసుకుని వచ్చింది పరిశీలకురాలు.

పేరు హైమావతి. కొండ ప్రాంతం పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి. పడవ అంచుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది, వదిలితే పడవ పారిపోతుందన్నట్టు. నేను మాట్లాడనివ్వలేదు ఆ అమ్మాయిని. కరణాన్ని తిట్టాను, కరణం కచేరీని తిట్టాను, గట్టుని తిట్టాను. "నేలని చూడకుండా నేల లేదని రాసే గుడ్డి యంత్రానికి మా బతుకులు రాసే పనెవరిచ్చారు?" అన్నాను. ముసలయ్య పక్కనుంచి "గట్టిగా, బావా, గట్టిగా" అంటున్నాడు.

ఆ అమ్మాయి అంతా విని, సంచిలోంచి పుస్తకం తీసింది. నా పుస్తకమే. ఈ ఏడాది పేజీలకి తీయించిన నకలు.

"తాతగారూ, కొలకర్ర మీద తిప్ప నెత్తి గుర్తు ఎక్కడుంది?"

"అయిదడుగుల రెండంగుళాల దగ్గర. నీళ్ళు అంతకంటే దిగితే నేల కనపడ్డట్టే."

"ఈ ఏడాది మొత్తంలో మీరు రాసిన అన్నిటికంటే తక్కువ అంకె ఎంతో చూడండి."

చూశాను. అయిదడుగుల ఏడంగుళాలు. కింద నా సంతకం. పౌర్ణమి నాటిది చూశాను, అయిదడుగుల ఎనిమిది. నా సంతకం.

"కరణం తనంతట తాను ఏమీ రాయలేదు తాతగారూ," అంది ఆ అమ్మాయి మెల్లగా. "మీరు రాసిందే చదివింది."

ఇంతసేపూ తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలో అర్థమైంది. ముసలయ్య నావైపు చూడకుండా తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు.

జానెడు సంగతి ఆమెతో చెప్పలేదు. సాయంత్రం పోటుకెళ్ళాను. అలవాటుగా చెయ్యి జానెడు కలిపేసింది. కొట్టేసి మళ్ళీ రాయబోయాను. ఆఫీసు పుస్తకంలో కొట్టివేత పనికిరాదు. అలాగే ఉంచాను. నా మీద నాకున్న కోపం రాయడానికి ఈ పుస్తకం చాలదు.

బహుళ అష్టమి

ముసలయ్యకి చెప్పాను. చెప్పడానికేముంది, తెలిసిన మాటే.

"నీ జానెడు సంగతి ఊళ్ళో ఎవరికి తెలీదు బావా?" అన్నాడు.

"తెలుసా? అందరికీనా?"

"నీ ఒక్క జానెడు చాలదని, నువ్వు అరిచిన అంకె మీద మేం ఇంకో జానెడు కలుపుకుని తాడు వదుల్తాం. అందుకే బతికున్నాం."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా!"

"నువ్వంత పెద్దరికంగా అరుస్తుంటే చెప్పబుద్ధి కాలేదు. మా అక్కకి కూడా తెలుసు."

తిరుపతమ్మకి తెలుసట! నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క మాట అన్లేదు. తెలియంది గట్టుకీ, కరణానికీ, నా కూతురికీ. పద్దెనిమిదేళ్ళకే మంచినీళ్ళ పడవెక్కి పోయింది, తాళ్ళు వదిలే పని దానికెప్పుడూ పడలేదు.

"ఇప్పుడేం చేద్దాం రా?"

"చెప్పేస్తే నీ చేతి రాత చెల్లదంటారు, కొలకర్ర ఊడబెరుకుతారు. పైగా చంద్రధర్ ఊరుకుంటాడా? కూతురి కోసం ముసలాడు నీళ్ళు తగ్గించాడు అంటాడు. చెప్పకపోతే ఫైలు మూస్తారు." తెడ్డు తుడుస్తూ అన్నాడు, "మా అక్క ఉంటే నిన్ను ముందు తిట్టేది. తర్వాత పడవ తీయమనేది."

బహుళ దశమి

నాంచారికి చెప్పాను. అన్నం తినేసి చేయి కడుక్కుంటుంటే చెప్పాను. ముందు చెప్తే తినదని.

చెంబు అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ."

"ఇరవై రెండేళ్ళా నాన్నా?"

"మా నాన్నవి కలిపితే ఇంకా..."

"నవ్వించకు నన్ను!" అని అరిచింది. నేను నవ్వించబోలేదు, లెక్క చెప్పబోయాను. "సభలో లేచి చెప్పాను నీ పుస్తకం గురించి! ఒక్కసారి తెరిచి చూడలేదు. మా నాన్నది చూడ్డమేంటి అనుకున్నాను. ముప్పై ఆరు ఊళ్ళని తీసుకెళ్ళి ఆ పుస్తకం మీద పెట్టాను నాన్నా నేను!"

"జనం మునగకూడదనే అమ్మా..."

"ఇప్పుడు మునిగింది ఎవరు?"

చిన్నప్పుడు కూడా దానికి కోపమొస్తే తెప్ప చివరికెళ్ళి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. నలభై రెండేళ్ళొచ్చాయి, అలాగే కూర్చుంది. నేను వెనకాల నిలబడ్డాను, దగ్గరికెళ్ళే ధైర్యం లేక.

చాలాసేపటికి వెనక్కి తిరక్కుండానే అంది. "చెప్పకు నాన్నా. ఇంకేదైనా దారి చూస్తాను. నువ్వు చెప్తే నీ పేరు తప్పుడు రాతల జాబితాలో వేస్తారు. పలక మీద. అన్ని ఊళ్ళలో చదువుతారు."

"నీ పేరు చదవాల్సిన చోట నా పేరు చదివితే తప్పేంటి?"

"తప్పే."

"నువ్వు రెండుసార్లు ఓడి పలక ముందు నిలబడి విన్నావు. నేను ఒకసారి వినలేనా?"

అది ముక్కు తుడుచుకుంది.

బహుళ ద్వాదశి

చెప్పేశాను. పలక ముందు, ఊరందరి ముందు, హైమావతి పక్కనుండగా. నేను లంకె ఆదిశేషుని, ప్రతి అంకెకీ జానెడు కలిపి రాశాను, ఎవరో చెప్తే రాయలేదు, ఎవరి కోసమూ రాయలేదు, మునగకుండా ఉండటానికి రాశాను.

హైమావతి నా మాట కచేరీకి పంపింది. కరణం ఆలోచించను కూడా లేదు. "కొలతకారుడు ఆదిశేషు తప్పుడు రాత రాసినట్లు తానే ఒప్పుకొనెను. పాత అంకెలు దిద్దబడవు. కొత్త అమావాస్య ఆటున పరిశీలకురాలి ఎదుట కొలత తీయవలెను. నేల కానవచ్చినచో పరిశీలకురాలు స్వయముగా దిగి మేకు పాతవలెను. అదియే ఆయన చివరి కొలత."

చంద్రధర్ మాట గంటలోనే వచ్చింది పలక మీదికి. గెలిచిన కూతురి కోసం ముసలి తండ్రి నీళ్ళనే తగ్గిస్తున్నాడట. ఇరవై రెండేళ్ళు రాసిందాన్ని పదిహేను రోజుల్లో కాదంటున్నాడట. వినడానికి నిజంలాగే ఉంది, అదే నా మంట. అబద్ధాన్ని ఎదుర్కోవచ్చు, మన తప్పుని పట్టుకుని అల్లిన అబద్ధాన్ని ఎలా ఎదుర్కోవాలి?

ఇవ్వాళ ఆటు ఆరడుగుల ఒకటి. జానెడు కలపలేదు. చెయ్యి లాగింది, ఆపాను.

కొత్త అమావాస్య

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నించీ ఆగ్నేయం గాలి. గాలి అటునించి కొడితే నీళ్ళు తీయవు, మా వైపు తోసుకొస్తాయి. గాలి లేకపోతే ఇవ్వాళ నాలుగడుగుల పదికి దిగాల్సింది. మధ్యాహ్నం రెండింటికి కొలకర్ర దగ్గర అయిదడుగుల తొమ్మిది. పడవలో నేను, ముసలయ్య తెడ్డు మీద, హైమావతి అంచు పట్టుకుని. నాంచారి కొలత దగ్గరికి రాకూడదు, తెప్ప మీదే ఉండిపోయింది.

చంద్రధర్ లాంచీ వేసుకొచ్చాడు, గొడుగు పట్టించుకుని.

"బాబాయ్, చూడ్డానికొచ్చాను. నాకూ హక్కుంది కదా."

"చూడు. లాంచీ ఆపి చూడు."

"ఆపితే ఇంజను మళ్ళీ స్టార్టవదు బాబాయ్, పాతది." అని మా చుట్టూ తిరగడం మొదలెట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. లాంచీ అల వచ్చి కొలకర్రని తన్నుతోంది. నీళ్ళు ఎక్కుతాయి, దిగుతాయి, ఎక్కడున్నాయో తెలియదు.

"అల మీద కొలత చెల్లదు తాతగారూ," అంది హైమావతి. "నీళ్ళు నిలబడాలి."

"ఆయన్ని ఆపమని చెప్పమ్మా!"

"ఆపే అధికారం నాకు లేదు."

ఎవరికీ అధికారం లేదు! గెలిచినామెకి లేదు, చూడ్డానికొచ్చినామెకి లేదు, లాంచీ ఉన్నవాడికి ఉంది! లేచి నిలబడి వాణ్ణి తిట్టాను. ఇన్నేళ్ళలో నేర్చుకున్నవన్నీ తిట్టాను. నవ్వి ఇంకో చుట్టు తిరిగాడు.

ముసలయ్య తిట్టలేదు. నా రేకు గొట్టం లాక్కుని ఊరివైపు తిరిగి అరిచాడు. "తాళ్ళు వదలండ్రోయ్! తిప్ప చుట్టూ రండి!"

మొదట కదిలింది ఎవరో ఇక్కణ్ణించి కనపడింది. నా కూతురే. పమిట నడుముకి దోపుకుని మా తెప్ప తాడు విప్పుతోంది. కొలత దగ్గరికి రాకూడదన్నారు గానీ తాడు పట్టుకోకూడదని ఎవరూ అన్లేదు. దాని వెనక నాలుగొందల తెప్పలు. వంటలు పొయ్యిల మీద ఉండగానే, బట్టలు దండేలమీద ఆరుతుండగానే, ఊరు ఊరంతా కదిలి వచ్చింది. తిప్ప చుట్టూ వలయం కట్టి, తెప్పకి తెప్పని బిగించి కట్టేశారు. చంద్రధర్ లాంచీ బయట ఉండిపోయింది. అల వచ్చి తెప్పలకి కొట్టుకుంటోంది, అక్కడే చచ్చిపోతోంది. లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలబడ్డాయి.

"చదవండి తాతగారూ," అంది హైమావతి.

అయిదడుగుల అయిదు. అయిదడుగుల నాలుగు. టైము మూడున్నర దాటింది. అయిదడుగుల మూడు.

అక్కడ ఆగింది.

ఎంతసేపు ఆగిందో! గుర్తుకి ఒక్క అంగుళం పైన. నీళ్ళ కింద తిప్ప కనపడుతోంది, చెయ్యి పెడితే తగులుతుంది, కానీ నీళ్ళ కిందే ఉంది. ఊరంతా నన్నే చూస్తోంది. ఒక్క మాట అంటే అయిపోతుంది. జానెడు కలిపినవాడికి రెండంగుళాలు తీసెయ్యడం ఎంత పని? కొండ ప్రాంతం పిల్ల, నీళ్ళని చూస్తే భయం, వంగి చూడదు కూడా.

"ఎంత బావా?" అన్నాడు ముసలయ్య. వాడి మొహంలో నాకు కావాల్సిన అంకే ఉంది.

"అయిదడుగుల మూడు," అన్నాను. "నేల కనపడలేదు."

తెప్పల మీద ఎవరో ఏడ్చారు. ముసలయ్య నన్ను బండబూతు తిట్టాడు, అది రాయను. నేను నాంచారివైపు చూశాను. అది నావైపే చూస్తోంది. కోపంగా లేదు. ఇరవై ఏడేళ్ళప్పుడు రెండొందల పన్నెండు ఓట్లతో ఓడి పడవ దిగినప్పుడు ఎలా నిలబడిందో అలా నిలబడింది.

హైమావతి పుస్తకం తీసింది. కలం మూత తీసింది. అప్పుడు నా చెవి పక్కన గాలి ఆగింది. ముందు చెవికే తెలిసింది. దండేల మీది బట్టలు కిందకి వేలాడాయి.

"ఆగమ్మా," అన్నాను. "రాయకు. నీళ్ళు ఇంకా తిరగలేదు."

అయిదడుగుల రెండు ముప్పావు. రెండున్నర. రెండు. తర్వాత నీళ్ళ మీద చిన్న మరక లేచింది, తడి మట్టి రంగులో, అరచెయ్యంత. చూస్తుండగానే చాపంత అయింది.

"అయిదడుగుల ఒకటి!" అని అరిచాను. గొట్టం లేకుండానే. "కలపలేదు, తీయలేదు! అయిదడుగుల ఒకటి!"

హైమావతి అంచు వదిలింది. మేకు చేత్తో పట్టుకుని దిగింది. దిగీ దిగగానే మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయింది. నాలుగొందల తెప్పల వాళ్ళూ ఒక్కసారే "అయ్యో" అన్నారు. అలాగే నిలబడి మేకు పాతి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టింది. మేమిద్దరం లాగితే మనిషి వచ్చింది గానీ ఎడమ కాలి చెప్పు రాలేదు. అది నేలలోనే ఉంది. నేల ఉంది కాబట్టే ఉంది!

పొద్దు వాలకముందే పలక చదివింది. "లంకె నాంచారి. పోటీలు అయిదు. గెలుపులు మూడు. ఓటములు రెండు." ఆ తర్వాత నా పేరు కూడా చదివింది, తప్పుడు రాతల్లో. తలెత్తుకునే విన్నాను. నాంచారి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత మళ్ళీ పాత వరసే చదివింది, గైర్హాజరు మూడు, కారణము లేదు అని. దాని సంగతి నేను వదల్ను. చేతి రాత చెల్లకపోతే నోటితో తిట్టి దిద్దిస్తాను.

రేపట్నించి కొలకర్ర ఇంకెవరో చూస్తారు. హైమావతి ఉన్నదున్నట్టే రాయిస్తానంది.

ఇక కబురు పంపాల్సినవాళ్ళు:

అడవులదీవి, మా చెల్లెలు సీతారావమ్మ. మొన్న చెప్పించింది అబద్ధమని, అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాడని చెప్పాలి.

ఆమె మొగుడు, మా బావగారు పాండురంగారావు. ఓడిపోతుందని పందెం కాసినాయన. ఈయనకి గట్టిగా చెప్పాలి.

తూర్పు తెప్పల్లో మా పినతండ్రి కొడుకు రాజులు, వాడి కోడళ్ళు ముగ్గురూ.

తుఫానులో కొట్టుకుపోయి గట్టు నీళ్ళలోనే ఉండిపోయిన మా దూరపు చుట్టం బసవమ్మ. ఓటు అక్కడున్నా మనిషి మనదే.

తిరుపతమ్మ అన్నగారి పిల్లలు, ఉప్పు కొఠార్ల దగ్గరున్నవాళ్ళు.

తిరుపతమ్మకి. తిప్ప పక్కన నేనే పడవ ఆపి చెప్తాను. జానెడు సంగతి తెలిసీ నాకెందుకు చెప్పలేదని కూడా అడుగుతాను.

వీళ్ళందరికీ చెప్పేటప్పుడు, నాంచారి గెలిచిందన్న మాట తర్వాత ఈ మాట మర్చిపోకుండా చెప్పాలి. రేపట్నించి నీళ్ళు ఉన్నంతే అరుస్తారు. నా జానెడు అందులో ఉండదు. తాళ్ళు వదిలేటప్పుడు మీదొకటి, నాదొకటి, రెండు జానెళ్ళు మీరే కలుపుకోండి.